ఒక్క నవలకు 28 ఏళ్ళు!
తలా ఒక మాట విప్పుతూ చదివిన సామాన్యులు

నవల అంటే నాలుగు రోజుల కాలక్షేపం. కోతలై, కుప్పలు పడ్డాక కాస్త తీరిక దొరికితే సగం బస్సులోనూ, సగం మంచం మీదా చదివేసి పక్కింటివారికి ఇచ్చే వస్తువు. అటువంటి నవల ఒకదానిని చదవడానికి కొందరికి అక్షరాలా 28 సంవత్సరాలు పట్టిందంటే నమ్మడం కష్టమే. కాని ఇది జరిగిన సంగతి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో వెనిస్ అనే సముద్రపుటొడ్డు పేట ఉన్నది. 1995లో అక్కడి గ్రంథాలయంలో కొందరు కూడి ఒక పుస్తకం తెరిచారు. 2023 అక్టోబరులో దాని చివరి పుట ముగించారు.

వారిని కూడదీసిన వ్యక్తి జెర్రీ ఫియాల్కా. చిన్న చిన్న ప్రయోగాత్మక సినిమాలు తీసే మనిషి. ఆరంభించినప్పుడు ఆయనకు నలభై దాటి కొద్ది కాలమే. ముగించేనాటికి డెబ్బయి. మొదట నెలకు రెండు పుటలు చొప్పున చదివారు. పోను పోను అదీ ఎక్కువనిపించి ఒక్కొక్క సమావేశానికి ఒకే పుట చాలనుకున్నారు. పదిమంది వచ్చిన రోజులున్నాయి, ముప్పయి మంది వచ్చిన రోజులున్నాయి. కరోనా కాలంలో గ్రంథాలయం గదిలో కూర్చునే వీలు లేక, జూమ్‌లో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కొనసాగించారు.

ఇంతకూ ఆ పుస్తకం ఐర్లండు దేశస్థుడు జేమ్స్ జాయిస్ వ్రాసిన 'ఫినెగాన్స్ వేక్'. మొత్తం 628 పుటలు. వ్రాయడానికి ఆయనకు పట్టింది 17 సంవత్సరాలు. అంటే రచయిత కంటె పాఠకులు 11 ఏళ్ళు ఎక్కువ శ్రమపడ్డారన్నమాట! ఇంగ్లీషు పుస్తకం కదా, ఇంగ్లీషు వచ్చినవారికి ఇంత కష్టమెందుకని అడగవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. అది ఇంగ్లీషులోనే ఉన్నా ఇంగ్లీషు కాదు. ఎం.ఏ. చదివినవాడూ మొదటి పుట దాటలేడు.

"ఏరు" అంటే ఏమిటి?

ఈ చిక్కు ఏమిటో తెలియాలంటే మన భాషలోనే ఒక మాట తీసుకోవడం మేలు. "ఏరు" అనే మాట ఉంది. నీళ్ళు పారేది ఏరు. ఎడ్లను కట్టి సిద్ధం చేసిన నాగలీ ఏరే. ఏరువాక అన్నది అందులోంచి వచ్చినదే. బియ్యంలో రాళ్ళు ఏరు అంటే వేరే సంగతి. "మనవాళ్ళేరు?" అంటే కనబడటం లేదని. ఇప్పుడు ఒక రచయిత "ఏరు ఏరు" అని రెండు మాటలు మాత్రం వ్రాసి ఊరుకున్నాడనుకోండి. రైతుకు నాగలి వినబడుతుంది. చేపలు పట్టేవారికి నది వినబడుతుంది. ఇల్లాలికి చేట గుర్తుకొస్తుంది. కొడుకులు పట్నం పోయిన ముసలమ్మకు అది ఒక ప్రశ్న. నలుగురు చెప్పినదీ ఒప్పే.

జాయిస్ అక్కడితో ఆగలేదు. చీకటినీ కిటికీనీ అతికి "చీకిటికీ" అంటే ఎలా ఉంటుందో, అటువంటి మాటలు వేలకు వేలు తయారుచేశాడు. ఒక్కొక్క దానిలో రెండు మూడు భాషలు కలిశాయి. ఇందులో అరవై పైచిలుకు భాషల ముక్కలున్నాయని పరిశోధకులు చెబుతారు. పుస్తకంలో పదిచోట్ల ఉరుము ఉరుముతుంది. ఆ ఉరుము ఒక్కటే మాట, దానికి నూరు అక్షరాలు! (చివరిదానికి మాత్రం 101.) మొదటి ఉరుములో అనేక దేశాలవారు ఉరుమును పిలిచే పేర్లు, హిందీ, జపాను మాటలతో సహా, ఒకదానినొకటి తోసుకుంటూ ఉంటాయి.

మనవారికి ఇది మరీ వింత కాదు. 16వ శతాబ్దంలోనే పింగళి సూరన 'రాఘవపాండవీయము'లో ఒకే పద్యంలో రామకథనూ భారతకథనూ రెంటినీ చెప్పాడు. దానికి వ్యాఖ్యానం లేకుండా చదివి ఆనందించగలవారు ఎందరుంటారు? తేడా అల్లా, సూరన రెండు కథలు చెబుతానని ముందే చెప్పి చెప్పాడు. జాయిస్ ఎన్ని కథలు చెబుతున్నాడో చెప్పలేదు.

పేరులోనే పెద్ద మెలిక ఉంది. ఐర్లండులో చావు ఇంట శవాన్ని ఉంచి రాత్రంతా బంధుమిత్రులు జాగారం చేయడం ఆచారం. ఏడుపూ ఉంటుంది, తాగుడూ పాటా కూడా ఉంటాయి. ఆ జాగారాన్ని 'వేక్' అంటారు. మేలుకోవడాన్నీ అదే మాటతో అంటారు. అక్కడొక జనం పాట ఉంది. ఫినెగాన్ అనే ఇటుకలు మోసే కూలీ తాగి నిచ్చెన మీదినుంచి పడి చనిపోతాడు. జాగారంలో కొట్లాట జరిగి, మీద విస్కీ ఒలికితే లేచి కూర్చుంటాడు. ఆ పాట పేరునే జాయిస్ తన పుస్తకానికి పెట్టి, అందులోని ఒక చిన్న గుర్తును, అంటే అక్షరం నెత్తిన ఉండే కామా వంటిదానిని, తీసేశాడు. దానితో ఫినెగాన్ జాగారం కాస్తా, ఫినెగానులందరూ మేలుకుంటున్నారు అనే అర్థం కూడా ఇస్తుంది. పేరు దగ్గరే సభ్యులకు ఒక పూట గడిచిపోతుంది.

కోడి గెలికిన ఉత్తరం

అయితే కథ లేదా అంటే, ఉంది. డబ్లిన్ నగరం పక్కన చాపెలిజాడ్ అనే ఊళ్ళో ఒక సారాకొట్టు యజమాని. భార్య అన్నా లివియా. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఆయన పార్కులో ఏదో తప్పు చేశాడని ఊళ్ళో పుకారు పుడుతుంది. ఏమి తప్పో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా ఒకరినుంచి ఒకరికి పాకి, పెరిగి, చివరకు దాని మీద పాట కట్టి పాడతారు. రచ్చబండ దగ్గర పెరిగే మాటలు ఎరిగినవారికి ఇది ఐర్లండు కథ అనిపించదు.

ఒక అధ్యాయంలో ఒక కోడి పెంటకుప్ప గెలుకుతూ చిరిగి మాసిన ఉత్తరం ఒకటి బయటకు తీస్తుంది. ఆ ఉత్తరం వ్రాసినదెవరు, అందులో చుక్కకు అర్థమేమిటి, మరకకు అర్థమేమిటి అని పండితులు పుటలకు పుటలు వాదించుకుంటారు. పుస్తకాన్ని విప్పబోయే పాఠకులను చూసి రచయిత ముందుగానే నవ్విన నవ్వు అది. అది తెలిసినా పాఠకులు కూర్చునే ఉన్నారు, అది వేరే విషయం.

అందరూ మెచ్చే అధ్యాయం ఒకటి ఉంది. లిఫీ నదికి ఆవలి ఒడ్డున ఒకతె, ఈవలి ఒడ్డున ఒకతె బట్టలు ఉతుకుతూ అన్నా లివియా సంగతులు చెప్పుకుంటారు. ఒక్కొక్క బట్ట మీది మరక చూసి ఆ ఇంటి గుట్టు చెబుతారు. పొద్దు గుంకుతుంది, ఏరు వెడల్పవుతుంది, ఒకరి మాట ఒకరికి వినబడదు. చీకటి పడేసరికి ఒకతె చెట్టయిపోతుంది, ఇంకొకతె రాయి అయిపోతుంది. వారి మాటల మధ్యలో ప్రపంచంలోని నదుల పేర్లు వందలకొద్దీ దాగి ఉన్నాయి. మన చాకిరేవుల్లో ఈ సన్నివేశం కొత్త కాదు. ఈ భాగం చివరి పుటలను జాయిస్ 1929లో గ్రామఫోను రికార్డుకు తానే చదివి ఇచ్చాడు. కళ్ళు ఆనని మనిషి కనుక పెద్ద పెద్ద అక్షరాలతో కాగితాలు తయారుచేసి ఇవ్వవలసి వచ్చింది. కంటితో చూస్తే అర్థం కానిది చెవితో వింటే సగం అర్థమవుతుందని ఆ రికార్డు విన్నవారు చెబుతారు.

ఇక పుస్తకానికి మొదలూ లేదు, చివరా లేదు. చివరి వాక్యం నడిమధ్యలో తెగిపోతుంది. మొదటి పుటలో మొదటి వాక్యం నడిమధ్యలో ఎత్తుకుంటుంది. రెంటినీ కలిపితే ఒక వాక్యం. ముక్తపదగ్రస్తం ఎరిగినవారికి ఈ కిటుకు చెప్పనక్కరలేదు. లోకం నాలుగు దశలుగా తిరుగుతూ మళ్ళీ మొదటికే వస్తుందన్న ఇటలీ తత్త్వవేత్త వీకో మాటను పట్టుకుని పుస్తకాన్ని నాలుగు భాగాలు చేశాడు. మన నాలుగు యుగాల లెక్కకు ఇది దగ్గరగా ఉంది. విశేషమేమంటే నాలుగవ భాగం తెల్లవారుజామున, "సంధ్య" అనే సంస్కృత పదంతోనే ఆరంభమవుతుంది.

తమ్ముడే కాదన్నాడు

జాయిస్ 1882 ఫిబ్రవరి 2న డబ్లిన్‌లో పుట్టాడు. 1922లో వెలువడిన 'యులిసిస్' నవలతో పెద్ద పేరు వచ్చింది. ఒక్క రోజులో, 1904 జూన్ 16న, డబ్లిన్‌లో జరిగే కథ అది. మరుసటి ఏడు మార్చిలో ఈ కొత్త పుస్తకానికి కూర్చున్నాడు. కళ్ళకు పదికి పైగా ఆపరేషన్లు జరిగాయి. కొన్ని భాగాలు నోటితో చెబితే ఇతరులు వ్రాసుకోవలసి వచ్చింది. కూతురు లూసియాకు మతి చెడి ఆసుపత్రుల పాలైంది. ఆ దుఃఖం 1930ల్లో ఆయనను కుంగదీసింది.

పైగా మెచ్చుకునేవారు కరువయ్యారు. తోడబుట్టిన తమ్ముడు స్టానిస్లాస్ ఇదేమి రాత అని మొగాన అన్నాడు. మొదట్లో తనను పైకి తెచ్చిన కవి ఎజ్రా పౌండ్ తనకేమీ బోధపడలేదన్నాడు. ఏళ్ళ తరబడి డబ్బు పంపి ఆదుకున్న హారియట్ వీవర్ అనే ఆమె కూడా తెలివిని వృథా చేస్తున్నారేమోనని సందేహం వెలిబుచ్చింది. అయినా మానలేదు. 1939 మే 4న పుస్తకం బజారుకు వచ్చింది. నాలుగు నెలలకే రెండవ ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఇక పుస్తకాన్ని పట్టించుకునేదెవరు? 1941 జనవరి 13న స్విట్జర్లండులోని జూరిక్ నగరంలో జాయిస్ కన్నుమూశాడు. 58 సంవత్సరాలు.

అర్థం చెప్పవలసినవాడు పోయాడు. పుస్తకం మిగిలింది.

పుస్తకానికి జనాభా లెక్కలు

ఇక్కడినుంచి చెప్పుకోదగిన సంగతి మొదలవుతుంది. ఈ పుస్తకాన్ని బ్రతికించినవారిలో ప్రొఫెసర్లు లేకపోలేదు. కాని వారొక్కరే అయితే ఇంత దూరం వచ్చేది కాదు. 1944లో జోసెఫ్ కాంబెల్, హెన్రీ మార్టన్ రాబిన్సన్ ఇద్దరూ కలిసి కథ ఇదీ అని తెలియజెప్పే తొలి పుస్తకం తెచ్చారు. ఆ తర్వాత అమెరికాలో ఆడలైన్ గ్లాషీన్ అనే గృహిణి పూనుకుంది. ఏ యూనివర్సిటీలోనూ ఉద్యోగం లేదు. ఇంటి పనుల మధ్య ఈ పుస్తకంలో వచ్చే ప్రతి మనిషి పేరూ ఏరి అక్షరక్రమంలో పెట్టుకుంటూ పోయింది. 1956లో దానిని 'ఫినెగాన్స్ వేక్ జనాభా లెక్కలు' అనే అర్థం వచ్చే పేరుతో అచ్చువేశారు. జనాభా లెక్కలకు మల్లేనే అది ఒకసారితో తీరలేదు. 1963లో రెండవసారి, 1977లో మూడవసారి పెంచి అచ్చువేయవలసి వచ్చింది.

జూరిక్‌లో ఫ్రిట్జ్ సెన్ అనే ఆయన అచ్చాఫీసుల్లో తప్పులు దిద్దే ఉద్యోగి. అక్షరం అక్షరం చూడటం అలవాటైన మనిషికి ఈ పుస్తకం సరిగ్గా సరిపోయింది. (తప్పు ఏదో, కావాలని వ్రాసినది ఏదో తేల్చడం దిద్దేవానికి మాత్రం ప్రాణాంతకమే.) 1962లో ఆయన, క్లైవ్ హార్ట్ కలిసి ఈ ఒక్క పుస్తకం కోసం ఒక చిన్న పత్రిక పెట్టారు. ఈ మాటకు మాకు ఈ అర్థం తట్టింది, మీకేమి తట్టింది అని దేశదేశాల పాఠకులు టపాలో వ్రాసుకునేవారు. 1980లో రోలాండ్ మెక్‌హ్యూ వివరణల పుస్తకం తెచ్చాడు. ఆయన చదివినది సాహిత్యం కాదు, కీటక శాస్త్రం; మిడతల అరుపుల మీద పరిశోధన చేసినవాడు. మూలంలో ఎన్నవ పుటో వివరణలోనూ అదే పుట, అదే పంక్తికి ఎదురుగా ఆ మాటల అర్థాలు ఉండేలా కూర్చాడు. ఈనాడు ఏ బృందం చదివినా మధ్యలో ఒకరి చేతిలో ఆ పుస్తకం ఉండవలసిందే.

జూరిక్‌లో 1984లో వారానికొకసారి, గురువారం నాడు, కలిసి చదవడం ఆరంభించారు. మరుసటి ఏడు అక్కడ జాయిస్ పేరిట ఒక సంస్థ ఏర్పడింది. వారికి మొదటిసారి చివరి పుట చేరడానికి 11 ఏళ్ళు పట్టింది. చివర, మొదలు ఒకటే కనుక మళ్ళీ ఎత్తుకున్నారు. వీరి మీద 2013లో డోరా గార్సియా అనే స్పెయిన్ కళాకారిణి ఒక డాక్యుమెంటరీ చిత్రం తీసింది. నెరిసిన తలలు, బల్ల నిండా పుస్తకాలు, మధ్య మధ్య నవ్వులు. చూస్తే పండితసభ అనిపించదు, పేకాట మానుకుని కూర్చున్న పెద్దమనుషుల్లా ఉంటారు.

మన పల్లెల్లో రామాలయం అరుగు మీద భారతం చదివిన పద్ధతి తలచుకుంటే వీరి పద్ధతి అర్థమవుతుంది. పద్యం చదివేవారొకరు, అర్థం చెప్పేవారొకరు, ఊకొట్టేవారు పదిమంది. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. మన అరుగు మీద అర్థం చెప్పే శాస్త్రిగారు ఒక్కరే. అక్కడ శాస్త్రిగారు లేరు. ఒకరు కొన్ని పంక్తులు పైకి చదువుతారు. తర్వాత ఎవరికి ఏది వినబడితే అది చెబుతారు. నార్వే భాష వచ్చినవాడు ఒక ముక్క విప్పుతాడు. చర్చి ప్రార్థనలు కంఠతా వచ్చిన ముసలామె ఇంకొక ముక్క అందుకుంటుంది. పుస్తకంలో ఒకచోట దర్జీకీ ఓడ కెప్టెనుకూ కోటు కుట్టే దగ్గర వచ్చిన తగాదా ఉంది. అక్కడ పదిమంది పట్టభద్రుల కంటె కుట్టుపని తెలిసిన మనిషి ఒకరుంటే మేలు. ఎంత చదివినవాడైనా ఒంటరిగా ఈ పుస్తకం ముందు నిరక్షరాస్యుడే. ఎంత చదువు లేనివాడైనా వాని దగ్గర ఒక మాట తాళం చెవి ఉండవచ్చు.

దీనికి విరుద్ధంగా చెప్పేవారూ ఉన్నారు. ఇదంతా గారడీ అనీ, పని లేనివారి పని అనీ 1939నుంచీ అంటూనే ఉన్నారు. పూర్తిగా తోసివేయలేము. ఎక్కడ తవ్వినా ఏదో ఒకటి దొరికే పుస్తకంలో దొరికినదల్లా రచయిత దాచినదేనా అన్న సందేహం న్యాయమైనదే. మబ్బులో ఏనుగును చూసినట్లు, చూసేవాని మనసులోదే సగం ఉంటుంది. బృందం మేలు ఇక్కడే తెలుస్తుంది. ఒక్కడే కూర్చుంటే తన ఊహ తనకు వేదం. పదిమందిలో చెబితే ముగ్గురైనా అదెలా అని అడుగుతారు, నిలవనిది అక్కడే రాలిపోతుంది.

ఇటువంటి పుస్తకానికి గిరాకీ ఉండదనుకోవడమూ పొరపాటే. చైనాలో డాయ్ సాంగ్‌రాంగ్ అనే అధ్యాపకురాలు ఎనిమిదేళ్ళు కష్టపడి మొదటి భాగాన్ని చైనా భాషలోకి తెచ్చింది. 2012 చివర విడుదలైతే తొలి ముద్రణ 8,000 ప్రతులు కొన్ని వారాల్లోనే చెల్లిపోయాయి. కొన్నవారందరూ చదివారా అంటే అది వేరే లెక్క. సైన్సువారు కూడా దీనిని వదలలేదు. అణువు లోపలి సూక్ష్మకణానికి 1964లో ముర్రే గెల్‌మాన్ పెట్టిన 'క్వార్క్' అనే పేరు ఈ పుస్తకంలో దొరికిన మాటే.

వావిలాలనుంచి వచ్చిన నవల

జాయిస్ గాలి మన వైపు సోకకపోలేదు. పూర్వపు వరంగల్ జిల్లా పాలకుర్తి ప్రాంతంలోని వావిలాల గ్రామంలో 1941లో పుట్టిన దొంగరి మల్లయ్య గారు నవీన్ అనే పేరుతో 1969లో 'అంపశయ్య' నవల వెలువరించారు. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చదువుకునే రవి అనే బీద విద్యార్థి ఒక్క రోజు జీవితం ఇందులోని కథ. తెల్లవారి లేచినది మొదలు రాత్రి దాకా అతని తలలో పరుగెత్తే ఆలోచనలు, భయాలు, అప్పులు, ఇంటి జ్ఞాపకాలు, ఏవి తట్టితే అవి, ఆ వరుసలోనే వస్తాయి. దీనిని విమర్శకులు చైతన్య స్రవంతి పద్ధతి అన్నారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి'ని కూడా ఈ కోవలోనే చెబుతారు. 'అంపశయ్య'లో 'యులిసిస్' జాడ ఉందన్నవారున్నారు. ఆ నవల పేరు చివరకు రచయితకు ఇంటిపేరయి, అంపశయ్య నవీన్ అయ్యారు. 2004లో 'కాలరేఖలు' నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు.

ఆ పాలకుర్తి చుట్టుపక్కల నేల సంగతి చెప్పుకోవాలి. అందరికీ అర్థం కావాలని జాను తెనుగులో ద్విపద వ్రాసిన సోమనాథుడి ఊరు పాలకుర్తి. ఆ పక్కనే పోతన బమ్మెర. ద్విపద, భాగవత పద్యం పుట్టిన చోటే మనిషి తలలోని గందరగోళాన్ని యథాతథంగా దింపిన నవల పుట్టింది. జాయిస్ రాత్రిని, నిద్రను వ్రాశాడు కనుక భాషనే విరిచాడు. నవీన్ గారు పగటి మనసును వ్రాశారు కనుక మన మాటలతోనే సరిపెట్టారు. 'అంపశయ్య' మొదలుపెట్టి "ఇందులో కథేదీ?" అని మూసినవారు, పది పుటలు పైకి చదివించుకుని వింటే, పరీక్ష ఫీజు కోసం ఇంటికి ఉత్తరం వ్రాసిన ప్రతి పల్లెటూరి కుర్రవాడూ అందులో కనిపిస్తాడు. దీనికి ఇరవై ఎనిమిదేళ్ళు అక్కరలేదు, నాలుగు సాయంత్రాలు చాలు.

ఇక వెనిస్ బృందం సంగతి. చివరి పుట అయింది కదా, వేరే పుస్తకం ఏదైనా పట్టుకున్నారా అంటే, లేదు. చివరి వాక్యం తెగినచోట ఆగడం వారికి ఇష్టం లేకపోయింది. 2023 నవంబరులో మళ్ళీ మొదటి పుట తీశారు (అచ్చులో దాని అంకె 3). వెనుకటి వేగంతోనే పోతే 2051కి పూర్తి కావాలి. అప్పటికి ఫియాల్కాకు 98 ఏళ్ళు వస్తాయి. లెక్క తెలిసే మొదలుపెట్టారు.